నిరసనకు వెళ్తున్నారా? మీ ఫోన్, మీ హక్కులు కాపాడుకోవడం ఎలా

ధర్నాకో ర్యాలీకో బయల్దేరేటప్పుడు అందరూ నీళ్ల సీసా, ప్లకార్డు సరిచూసుకుంటారు. జేబులో ఉన్న ఫోన్ సంగతి ఎవరికీ గుర్తుండదు. అందులో మీ ఒక్కరి విషయాలే ఉండవు. గ్రూపులో ఉన్నవాళ్లందరి నంబర్లు, ఎవరు చందా పంపారో, ఎవరింట్లో మీటింగ్ జరిగిందో, అన్నీ అందులోనే ఉంటాయి. "నేనేం తప్పు చేయలేదు, నాకేం భయం?" అని చాలామంది అంటారు. మీకు నిజంగానే ఏమీ కాకపోవచ్చు. కానీ మీ ఫోన్ వల్ల ఇబ్బందుల్లో పడేది హాస్టల్లో ఉండే జూనియర్ కావచ్చు, కాంట్రాక్టు ఉద్యోగం చేసే అక్క కావచ్చు. అందుకే ఫోన్ గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఇది భారతదేశంలో శాంతియుతంగా నిరసన తెలిపేవాళ్ల కోసం. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. ఇక్కడ మొదటిదాన్ని న్యాయ సంహిత అని, రెండోదాన్ని సురక్షా సంహిత అని రాస్తాను. జనం నోట ఇప్పటికీ "144 సెక్షన్" అనే వస్తుంది కాబట్టి అవసరమైన చోట పాత నంబర్లూ ఇస్తాను.

ముందుగా: ఆ చోట, ఆ రోజు ఏ ఆంక్షలున్నాయో కనుక్కోండి

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19(1)(బి) అధికరణ పౌరులకు ఇచ్చింది. శాంతిభద్రతల వంటి కారణాలతో దానికి సహేతుకమైన పరిమితులు పెట్టే వీలు కూడా అదే రాజ్యాంగంలో ఉంది. సుప్రీంకోర్టు తీర్పులు చూస్తే ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఢిల్లీలోని జంతర్ మంతర్ వద్ద నిరసనలను పూర్తిగా నిషేధించడం కుదరదని 2018లో చెప్పింది. అదే నగరంలోని షాహీన్ బాగ్ నిరసన విషయంలో, రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం సరికాదని 2020లో చెప్పింది.

జనం గుమిగూడకుండా నిషేధాజ్ఞలు పెట్టే పాత 144 ఇప్పుడు సురక్షా సంహితలో 163 సెక్షన్. ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా, కారణాలతో ఉండాలి. మామూలుగా 2 నెలలకు మించి చెల్లదు. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఇంకో 6 నెలల దాకా పొడిగించగలదు. న్యాయబద్ధమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి దీన్ని వాడకూడదని అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇది కాక "పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 అమల్లో ఉంది" అనే ప్రకటనలు మన పేపర్లలో తరచూ వస్తుంటాయి. అది 1861 నాటి చట్టం, ఊరేగింపులకు, సభలకు ముందే అనుమతి తీసుకోమనేది దాని సారాంశం.

కాబట్టి నిర్వాహకులను నేరుగా అడగండి: దరఖాస్తు పెట్టారా? అందినట్టు సంతకం తీసుకున్నారా? అనుమతి ఇస్తే ఏ షరతులు పెట్టారు, ఎన్ని గంటల వరకు, మైకు ఉందా? నిరాకరిస్తే కారణం రాసి ఇచ్చారా? కాగితం ఉంటేనే హైకోర్టుకు వెళ్లడం తేలికవుతుంది. హైకోర్టు షరతులతో అనుమతి ఇచ్చిన సందర్భాలు తెలుగు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి.

ఇంకొకటి తప్పకుండా తెలుసుకోవాలి. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది నేరపూరితమైన ఉమ్మడి ఉద్దేశంతో గుమిగూడితే న్యాయ సంహిత 189 సెక్షన్ ప్రకారం అది చట్టవిరుద్ధ సమూహం. ఆ ఉద్దేశంతో ఒకరు చేసిన నేరం 190 సెక్షన్ కింద మిగతా సభ్యుల మీదకూ రావచ్చు. అంటే పక్కవాడు రాయి తీస్తే మీ చేతులు ఖాళీగా ఉన్నాయన్న మాట ఒక్కటే సరిపోకపోవచ్చు. పరిస్థితి అటు తిరుగుతోందని అనిపించగానే, మీతో వచ్చినవాళ్లను తీసుకుని దూరంగా వచ్చేయండి. ఎటు నుంచి బయటపడాలో ముందే చూసి పెట్టుకోండి.

ముందురోజు రాత్రి: ఫోన్ సిద్ధం చేయడం

ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లగలిగితే అంతకన్నా మంచిది లేదు. కానీ తప్పిపోతే ఎవరికి చెప్పాలి, ఏదైనా జరిగితే వీడియో ఎలా తీయాలి అనే అవసరాలు ఉంటాయి. కొందరు పాత ఫోన్ తీసుకెళ్తారు. అది మంచి పద్ధతే, ఎందుకంటే అందులో చాట్లు, ఫోటోలు ఉండవు. అయితే మీ సిమ్ అందులో వేస్తే టవర్ రికార్డుల్లో మాత్రం మీరు కనిపిస్తారు. వేరే పేరు మీద సిమ్ తెచ్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మోసంతోనో, మరొకరిలా నటించో సిమ్ తీసుకోవడం నేరం. లేని కేసును చేతులారా తెచ్చుకున్నట్టవుతుంది.

రోజూ వాడే ఫోనే తీసుకెళ్లాల్సి వస్తే ముందుగా లాక్ మార్చండి. వేలిముద్ర, ఫేస్ అన్‌లాక్ తీసేయండి. మీ వేలిని పట్టుకుని ఫోన్ మీద ఆనించడానికి, ఫోన్‌ను మీ ముఖం ముందు పెట్టడానికి ఎంతోసేపు పట్టదు. మనసులో ఉన్న పాస్‌కోడ్‌ను అలా లాగలేరు. నాలుగంకెల పిన్ వద్దు, కనీసం ఆరంకెలు ఉండాలి, అక్షరాలు కలిపితే ఇంకా మంచిది. పుట్టినరోజు, బండి నంబరు పెట్టకండి. హడావుడిలో లాక్ బిగించాల్సి వస్తే ఐఫోన్లో పక్క బటన్‌ను, వాల్యూమ్ బటన్‌ను కలిపి కాసేపు నొక్కి పట్టండి, ఫేస్ ఐడీ ఆగిపోయి పాస్‌కోడ్ అడుగుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో "లాక్‌డౌన్" ఉంటుంది. ఏ ఫోనైనా స్విచాఫ్ చేస్తే ఇంకా గట్టి రక్షణ. మళ్లీ ఆన్ చేసి పాస్‌కోడ్ కొట్టేదాకా లోపలి సమాచారంలో ఎక్కువ భాగం ఎవరూ చదవలేని గుప్తరూపంలో, అంటే ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటుంది.

తర్వాత నోటిఫికేషన్లు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ మొత్తం కనిపించేలా ఉంటే ఎంత గట్టి పాస్‌కోడ్ పెట్టినా లాభం లేదు. సెట్టింగ్స్‌లో ప్రివ్యూ ఆపేయండి.

ఇక వాట్సాప్. మెసేజీలు ఎన్‌క్రిప్ట్ అవుతాయి, నిజమే. కానీ గ్రూపులో ఒక్కరి ఫోన్ తెరిచి చూసినా అందరి మాటలూ బయటపడతాయి. మూడు పనులు చేయండి. గ్రూపులో డిసప్పియరింగ్ మెసేజెస్ (కొంతకాలానికి వాటంతటవే మాయమయ్యే మెసేజీలు) ఆన్ చేయండి. చాట్ బ్యాకప్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టండి, లేకపోతే క్లౌడ్‌లో ఉన్న కాపీకి ఆ రక్షణ ఉండదు. లింక్‌డ్ డివైజెస్ తెరిచి చూడండి, ఆఫీసు కంప్యూటర్లోనో, ఎప్పుడో వాడిన ల్యాప్‌టాప్‌లోనో మీ అకౌంట్ ఇంకా తెరిచి ఉండొచ్చు. ఏర్పాట్లు మాట్లాడుకునే చిన్న బృందానికైతే సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాడటం మేలని నా అభిప్రాయం. అందులో యూజర్‌నేమ్ పెట్టుకుని, ఫోన్ నంబరు ఎవరికీ కనిపించకుండా దాచుకోవచ్చు. ఒక యాప్ మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. వందమంది ఉన్న ఏ గ్రూపునైనా బహిరంగ సభగానే భావించి రాయండి.

లొకేషన్ రెండు రకాలుగా నమోదవుతుంది. ఒకటి జీపీఎస్, యాప్‌ల ద్వారా. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపొచ్చు, గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ కూడా ఆపేయండి. రెండోది టవర్ల ద్వారా. నెట్ ఆపినా, జీపీఎస్ ఆపినా సిమ్ టవర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టాలి, లేదా ఫోన్ స్విచాఫ్ చేయాలి. వైఫై, బ్లూటూత్ కూడా ఆపారో లేదో విడిగా చూసుకోండి. అందరూ ఫోన్లు ఆపేస్తే కలుసుకోవడం కష్టం కాబట్టి ఫలానా టైముకు ఫలానా చోట కలుద్దామని ముందే అనుకోండి. ఆ ప్రాంతం మ్యాప్‌ను ఆఫ్‌లైన్లో దించుకోండి. ఇంటర్నెట్ నిలిపివేసినా అది పనికొస్తుంది.

యూపీఐ చెల్లింపులు, ఫాస్టాగ్, మెట్రో కార్డు కూడా మీరు ఎక్కడెక్కడ తిరిగారో చెబుతాయి. చేతిలో కొంత నగదు ఉంచుకోండి. గుర్తింపు కార్డు డిజీలాకర్లో ఉందిలే అనుకోకండి, అది చూపించాలంటే ఫోన్ అన్‌లాక్ చేయాల్సి వస్తుంది. ఏదో ఒక కార్డు జిరాక్స్ జేబులో పెట్టుకోండి. లాయర్ నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు పెన్నుతో చేతి మీద రాసుకోండి. ఫోన్ పోతే ఎవరి నంబరూ గుర్తురాదు. రోజూ వేసుకునే మందులుంటే చీటీతో సహా తీసుకెళ్లండి. కాంటాక్ట్ లెన్సులు వద్దు, టియర్ గ్యాస్ వదిలితే కళ్లు చాలా ఇబ్బంది పడతాయి.

అక్కడికి వెళ్లాక: మీరు తీసే ఫోటో ఇంకొకరి సాక్ష్యం

డ్రోన్లు, సీసీ కెమెరాలు, ముఖాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మామూలైపోయాయి. రోడ్డు మీద ఆపి, మాస్క్ తీయించి ఫోటో తీయడాన్ని సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టులో కేసు కూడా దాఖలైంది. ఆ కెమెరాలు మన చేతిలో లేవు. మనం పెట్టే పోస్టులు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. నిరసన ఫోటోల్లో ఎక్కువ భాగం నిరసనకారులే స్వయంగా ఊరంతటికీ పంచుతున్నవే.

అడగకుండా ఎవరి ముఖమూ దగ్గరగా తీయకండి. వెనక నుంచి తీయండి, ప్లకార్డులు తీయండి, పైనుంచి జనాన్ని తీయండి. లైవ్ పెట్టొద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే లైవ్‌లో కనిపించిన ముఖాన్ని వెనక్కి తీసుకోలేం. ఆడపిల్లల ఫోటోలను తీసుకుని మార్ఫింగ్ చేసేవాళ్లూ, పేరు ఊరు కనిపెట్టి వేధించేవాళ్లూ ఉన్నారు. పోస్టు చేసేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ముఖాలు దాచేటప్పుడు పల్చగా మసకబార్చితే చాలదు, నిండు రంగు డబ్బా పెట్టి కప్పేయండి. చొక్కా మీది కాలేజీ పేరు, మెడలో ఐడీ కార్డు, టాటూ, బండి నంబరు కూడా కప్పండి. ఫోటో ఫైలులో తీసిన సమయం, చోటు, ఫోన్ మోడల్ దాగి ఉండొచ్చు. ముఖాలు కప్పిన తర్వాత దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌నే పంపితే ఆ వివరాలు పోతాయి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం అవి అలాగే వెళ్తాయి.

లాఠీచార్జి లాంటిది జరిగితే లెక్క వేరు. అప్పుడు అసలు ఫైలును, వివరాలతో సహా, ఏమీ మార్చకుండా దాచండి. కోర్టులో పనికొచ్చేది అదే. దాన్ని సోషల్ మీడియాలో కాకుండా లాయర్‌కు పంపండి. బహిరంగ ప్రదేశంలో విధుల్లో ఉన్న పోలీసులను వీడియో తీయడమే నేరమనే సాధారణ చట్టం ఏదీ లేదు. కానీ మీదకు వెళ్లి, దారికి అడ్డం నిలబడి తీస్తే విధులకు ఆటంకం అనే కేసు రావచ్చు. దూరం నుంచి, అన్‌లాక్ చేయకుండా లాక్ స్క్రీన్ కెమెరాతోనే తీయండి.

పోలీసులు ఆపితే

గొంతు పెంచకండి, పరిగెత్తకండి. "సార్, నన్ను అరెస్టు చేస్తున్నారా, నేను వెళ్లొచ్చా?" అని అడగండి. వెళ్లమంటే వెళ్లిపోండి. పేరు, చిరునామా అడిగితే నిజం చెప్పండి. కొన్ని సందర్భాల్లో అవి చెప్పకపోవడమే అరెస్టుకు కారణమవుతుందని సురక్షా సంహిత 39 సెక్షన్ చెబుతోంది. అంతకుమించి, ఎవరు పిలిచారు, నాయకుడెవరు, గ్రూపులో ఎవరున్నారు అనే ప్రశ్నలకు నిలబడ్డ చోటే జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఫోన్ చూపించమంటే? 2021లో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో దారిన పోయేవాళ్ల ఫోన్లలో చాట్లు వెతికిన వీడియోలు బయటికొచ్చి పెద్ద చర్చే జరిగింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. దర్యాప్తు కోసం ఫోన్ కావాలంటే సురక్షా సంహిత 94 సెక్షన్ కింద రాతపూర్వకంగా అడిగే పద్ధతి ఉంది. సోదా చేసి స్వాధీనం చేసుకుంటే 105 సెక్షన్ ప్రకారం ఆ తతంగాన్ని వీడియో తీయాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాయాలి. కాబట్టి ఇలా అనండి: "సార్, రాతపూర్వకంగా ఇవ్వండి. మా లాయర్‌తో మాట్లాడాక ఇస్తాను." బలవంతంగా తీసుకుంటే పెనుగులాడకండి, "నా ఇష్టంతో ఇవ్వడం లేదు" అని వినబడేలా చెప్పండి. ఫోన్ మోడల్, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరు రాసిన రసీదు అడగండి.

పాస్‌వర్డ్ చెప్పాలా అన్నదానిపై కోర్టులు ఒకే మాట మీద లేవు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ని బలవంతం చేయకూడదని 20(3) అధికరణ అంటోంది. పాస్‌వర్డ్ ఇవ్వడం ఆ కోవలోకి రాదని 2021లో కర్ణాటక హైకోర్టు అంది. నిందితుణ్ని అలా బలవంతపెట్టడం కుదరదని 2022లో ఢిల్లీలోని ఒక సీబీఐ ప్రత్యేక కోర్టు అంది. ఇలాంటి విషయాన్ని రోడ్డు మీద మీరొక్కరే తేల్చుకోకండి. లాయర్ వచ్చేదాకా ఆగండి.

ముందస్తు అరెస్టు, హౌస్ అరెస్ట్

ఎక్కువ నిరసనల్లో జరిగేది ఇదే. వ్యాన్ ఎక్కిస్తారు, ఏదో స్టేషన్‌కో ఫంక్షన్ హాలుకో తీసుకెళ్తారు, సాయంత్రానికి సొంత పూచీకత్తు మీద వదిలేస్తారు. పాత 151, ఇప్పటి 170 సెక్షన్ ప్రకారం, మీరు ఒక కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) చేయబోతున్నారని, మరోలా ఆపలేమని పోలీసు అధికారికి తెలిస్తేనే ఇలా అరెస్టు చేయాలి. వేరే ఉత్తర్వు లేకుండా 24 గంటలు దాటకూడదు. కొత్తగా వచ్చిన 172 సెక్షన్ కింద పోలీసుల న్యాయమైన ఆదేశాన్ని పాటించనివాళ్లను పక్కకు తరలించవచ్చు, చిన్న విషయాలైతే 24 గంటల్లోపు వదిలేయాలి.

వదిలేటప్పుడు సంతకం పెట్టమనే కాగితాన్ని పూర్తిగా చదవండి. అది మామూలు పూచీకత్తో, బైండోవరో తెలుసుకోండి. బైండోవర్ అయితే ఇంతకాలం సత్ప్రవర్తనతో ఉంటానని బాండు రాసిచ్చినట్టు, తప్పితే ఆ డబ్బు కట్టాల్సి రావచ్చు. దాన్ని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ముందు, మీ వాదన విన్నాకే చేయాలి. ఖాళీ కాగితం మీద మాత్రం ఏ పరిస్థితిలోనూ సంతకం పెట్టకండి.

తెల్లవారుజామున ఇంటి ముందు కానిస్టేబుళ్లు నిలబడి "బయటికి రావద్దు" అంటే దాన్ని మనం హౌస్ అరెస్ట్ అంటున్నాం. ఏ సెక్షన్ కింద, ఎవరి ఉత్తర్వు మీద అని అడగండి, కాపీ ఇవ్వమనండి. ఇవ్వకపోతే సమయం, అధికారి పేరు, జరిగిన సంభాషణ రాసిపెట్టి లాయర్‌కు పంపండి.

కేసు పెట్టి అరెస్టు చేస్తే

ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. అరెస్టు అవసరం లేదనుకుంటే హాజరు కమ్మని సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇస్తారు. పాత 41ఏ నోటీసు ఇదే. దానికి తప్పకుండా వెళ్లండి, వెళ్లకపోతే అదే అరెస్టుకు దారితీస్తుంది.

అరెస్టు చేస్తే ఇవి అడగండి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో మీకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. అన్ని నేరాలకూ ఇది వర్తిస్తుందని, వెంటనే కుదరకపోతే మౌఖికంగా చెప్పి, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా రాసి ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 36 సెక్షన్ ప్రకారం అధికారి పేరు కనిపించేలా బ్యాడ్జి పెట్టుకోవాలి, అరెస్టు మెమో రాయాలి, దాని మీద కుటుంబ సభ్యులో స్థానిక పెద్దమనిషో సాక్షిగా సంతకం పెట్టాలి. అందులో వేసిన సమయం, తేదీ సరిగ్గా ఉన్నాయో చూడండి, 24 గంటల లెక్క తేలేది దానితోనే. మీవాళ్లకు కబురు చేయాలి. విచారణ సమయంలో లాయర్‌ను కలిసే హక్కు ఉంది, మొత్తం సేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. పీడీ యాక్ట్ లాంటి ముందస్తు నిర్బంధ చట్టాల కింద పట్టుకుంటే ఈ గడువు వర్తించదు, వెంటనే లాయర్ అవసరం.

ఆడవాళ్లను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా మెజిస్ట్రేట్ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఒంటి మీద సోదా మహిళే చేయాలి. 18 ఏళ్ల లోపు పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు.

పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మీరు సంతకం పెట్టాల్సిన పని లేదని సురక్షా సంహిత 181 సెక్షన్ చెబుతోంది. మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నలకు మౌనంగా ఉండొచ్చు. అబద్ధం మాత్రం చెప్పకండి. వేలిముద్రలు, కంటిపాప స్కాన్, ఫోటోలు తీసుకునే అధికారం 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం పోలీసులకు ఇచ్చింది. ఆ రికార్డులు 75 ఏళ్లు ఉంటాయి. అయితే కేవలం 144 ఉల్లంఘన, 151 కింద ముందస్తు అరెస్టు అయితే, ఇంకే నేరమూ మోపనప్పుడు ఈ కొలతలు తీసుకోకూడదని ఆ చట్టం నియమాల్లోనే ఉంది. ఈ సంగతి లాయర్‌కు గుర్తుచేయండి.

లాయర్‌ను పెట్టుకునే స్థోమత లేకపోయినా కంగారు వద్దు. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ సాయం అందుతుంది. కస్టడీలో ఉన్నవాళ్లు, మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

మెజిస్ట్రేట్ ముందు నిలబడినప్పుడు నోరు విప్పండి. కొట్టారా, ఎప్పుడు పట్టుకున్నారు, ఇంటికి కబురు చేశారా అనేది అక్కడ చెబితేనే రికార్డులోకి వెళ్తుంది.

ఇంటికొచ్చాక

మీతో వచ్చినవాళ్లందరూ క్షేమంగా చేరారో లేదో కనుక్కోండి. ఎవరి ఆచూకీ అయినా తెలియకపోతే రాత్రికి రాత్రే లాయర్‌కు చెప్పండి. చూసినదంతా అదే రోజు తేదీ, టైముతో రాసిపెట్టండి. దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మెడికో లీగల్ కేసుగా (పోలీసు, కోర్టు వ్యవహారంలో పనికొచ్చే వైద్య రికార్డుగా) నమోదు చేయించుకోండి, గాయాలు మానకముందే ఫోటోలు తీయండి.

పోలీసు వెబ్‌సైట్లో ఎఫ్ఐఆర్లు చూస్తూ ఉండండి. సున్నితమైనవి తప్ప మిగతావి 24 గంటల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. "ఫలానావారు, మరికొందరు" అని రాసి ఉంటే ఆ మరికొందరిలో తర్వాత ఎవరి పేరైనా చేరవచ్చు. ముందస్తు బెయిల్ అవసరమా అని అప్పుడే లాయర్‌ను అడగండి.

కేసు నమోదైందని తెలిశాక ఫోన్లో చాట్లు, వీడియోలు చెరపకండి, సాక్ష్యం మాయం చేశారనే కొత్త నేరం మీద పడుతుంది. శుభ్రం చేసుకోవడమంతా వెళ్లే ముందే అయిపోవాలి. స్వాధీనం చేసుకున్న ఫోన్ తిరిగి కావాలంటే మెజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయాలి. అది చేతికొచ్చేలోపు వేరే పరికరం నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి, పాత ఫోన్ నుంచి అన్ని అకౌంట్లూ లాగౌట్ చేయండి, మీ ఫోన్ పట్టుబడిందని గ్రూపులో అందరికీ చెప్పండి.

స్టేషన్లో చేయి చేసుకున్నారంటే సీసీ కెమెరా ఫుటేజీ కోసం ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టండి. అన్ని పోలీస్ స్టేషన్లలో కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు భద్రపరిచే ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. దరఖాస్తులో మిమ్మల్ని లోపలికి తీసుకెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, కూర్చోబెట్టిన గది రాయండి, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర పెట్టుకోండి.